కాలువ గట్టు వెంట ఫ్రాన్సు పల్లెల్లో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫ్రాన్సులో మోటారు వాహనాలను అనుమతించని పల్లె దారుల మీద సామాన్యులు కూడా సైకిల్ యాత్ర చేయవచ్చని కిందటి నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడికి క్లుప్తంగా జవాబిచ్చాను. ఆ నాలుగు వాక్యాలకు విజయవాడ, గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరాలను చూశాక ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించడం న్యాయమనిపించింది. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తూలూజ్‌లో చదువుకుంటోంది. వచ్చే ఏడాది నేనూ మా వారూ అక్కడికి వెళ్తున్నాము. ఆయనకు 58 ఏళ్లు, నాకు 54. బందరు రోడ్డు మీద రద్దీ మొదలు కాకముందే రోజూ కాసేపు సైకిల్ తొక్కే అలవాటు ఇద్దరికీ ఉంది గాని, కొండలు ఎక్కే ఓపిక లేదు, లారీల పక్కన తొక్కే ధైర్యం అసలే లేదు. మాలాంటి వారికి సరిపడే దారి ఏదైనా ఉందా? (ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: మీ వయసుకు, మీ అలవాటుకు సరిపోయే దారి మీ అమ్మాయి ఉంటున్న ఊళ్లోనే మొదలవుతుందమ్మా. దాని పేరు కెనాల్ దు మీది. ఉప్పు పన్ను వసూలు చేసే ఉద్యోగంలో ఉన్న ప్యేర్ పోల్ రికే అనే ఆయన 1666లో ఈ కాలువ పనిని మొదలుపెట్టి, 1681లో అది పూర్తి కావడానికి కొద్ది నెలల ముందు కన్నుమూశారు. తూలూజ్ నుంచి మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న తో అనే ఉప్పునీటి సరస్సు వరకు దాని పొడవు 240 కిలోమీటర్లు. 1996లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ గట్టు సైకిల్‌కు ఎందుకు అంత అనుకూలమో తెలిస్తే మీకు దారి ఎంచుకోవడం సులువవుతుంది. ఆ రోజుల్లో పడవలను గుర్రాలు గట్టు మీద నడుస్తూ తాళ్లతో లాగేవి. మన ఏలూరు కాలువ మీద పడవవారు తాడు భుజానికి తగిలించుకొని గట్టు వెంట లాగుకుంటూ వెళ్లిన రోజుల గురించి మీ ఇంట్లో పెద్దవారు చెప్పే ఉంటారు. లాగే మనిషికైనా, గుర్రానికైనా గట్టు మధ్యలో తెగకూడదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు. మూడున్నర శతాబ్దాల కిందటి ఆ అవసరమే ఇవాళ మీకు ఉపకారం చేస్తోంది. నేల ఎత్తు మారిన చోటల్లా ఒక లాకు, అంటే నీటిమట్టాన్ని మార్చి పడవను ఎక్కించి దించే తలుపుల తొట్టి ఉంటుంది, లాకు పక్కన పదీ ఇరవై గజాల చిన్న ఎక్కుడు ఉంటుంది, దాని తరువాత మళ్లీ సమతలమే. మొత్తం కాలువలో అన్నిటికన్నా ఎత్తైన చోటు నొరూజ్. అది కూడా సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తు మాత్రమే. తూలూజ్ నుంచి రెండో రోజుకు మీరు అక్కడికి చేరుకుంటారు, ఎక్కినట్టు కూడా తెలియదు. ఆ మిట్టకు నీళ్లు ఎక్కడి నుంచి తేవాలన్నదే రికేకు ఎదురైన అసలు చిక్కు. ఉత్తరాన ఉన్న నల్లకొండల వాగులను చిన్న పిల్లకాలువలతో మళ్లించి, సాన్ ఫెరెయోల్ దగ్గర పెద్ద చెరువు కట్టి ఆయన దాన్ని పరిష్కరించారు. కృష్ణ నీటితో బతికే ఊరివారు కనుక, వీలైతే ఒక పూట ఆగి నొరూజ్‌లో ఆ పిల్లకాలువ వచ్చి కలిసే చోటు చూసి వెళ్లండి.

ఇక దారి ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే 'వాహనాలు లేని దారి' అనగానే అంతా నున్నగా ఉంటుందని నమ్మి వెళ్లినవారు ఇబ్బంది పడతారు. తూలూజ్ నుంచి పోర్ లొరాగే వరకు, అంటే మొదటి 50 కిలోమీటర్లు, తారు వేసిన సైకిల్ దారి. ఆ తరువాత ఓద్ జిల్లాలోకి వెళ్లాక ఎక్కువ భాగం మట్టి, గులకరాళ్లు, గడ్డి మధ్య ఒక చక్రం పట్టేంత సన్నని గాడి. కొన్ని భాగాలను ఇటీవల దిమ్మిసకొట్టి బాగుచేశారు గాని, అంతటా అలా లేదు. గట్టు వెంట ఉన్న చినారు జాతి చెట్ల వేళ్లు దారికి అడ్డంగా మణికట్టంత లావున పైకి తేలి ఉంటాయి. నీడలో అవి కంటికి ఆనవు; వేగంగా వస్తే ముందు చక్రం ఎగిరిపడుతుంది, చేతుల్లో హ్యాండిల్ అదురుతుంది. అటువంటి చోట సీటు మీద నుంచి కొద్దిగా పైకి లేచి, మోకాళ్లు వంచి, వేళ్లను బ్రేకు మీదే ఉంచి దాటడం మంచిది. ఆ చెట్లకు 2006లో ఒక శిలీంధ్రపు తెగులు సోకినట్టు కనుగొన్నారు. సుమారు 42 వేల చెట్లలో చాలావాటిని నరికి, వేరే జాతులను నాటుతూ వస్తున్నారు. కాబట్టి పాత ఫొటోలలో కనిపించే పచ్చని పందిరి కింద ప్రయాణం అంతటా దొరకదు. ఎండకు టోపీ, చేతులకు పొడుగు చొక్కా అవసరమవుతాయి.

లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. మన దుగ్గిరాల లాకుల వంటి చోట లస్కరు (కాలువ కాపలా ఉద్యోగి) ఇల్లు ఉన్నట్టే, అక్కడ కూడా ప్రతి లాకుకూ ఆనుకొని ఒక చిన్న ఇల్లు ఉంటుంది. దాని గోడకు బిగించిన పాత ఫలకం మీద ఆ లాకు పేరు, ఎగువ లాకుకు ఎన్ని మీటర్లు, దిగువ లాకుకు ఎన్ని మీటర్లు అని రాసి ఉంటుంది. సెల్‌ఫోన్ చూడకుండానే తరువాతి మజిలీకి ఎంత దూరమో తెలిసిపోతుంది. అలసిన మనిషికి 'ఇంకా 2,400 మీటర్లే' అన్న అక్షరాలు ఇచ్చే బలం చిన్నది కాదు. రికే లాకుల తొట్లను కోడిగుడ్డు ఆకారంలో, నడుము వెడల్పుగా కట్టించారు. పక్కగోడలు మట్టి ఒత్తిడిని తట్టుకోవడానికి ఆ వంపు పనికొస్తుంది. పడవ లోపలికి వచ్చి, నీరు నిండి, తలుపులు తెరుచుకునేదాకా నిలబడి చూడండి. బెజియే దగ్గర ఫొన్సెరాన్‌లో అలాంటి తొట్లు మెట్లమెట్లుగా ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి. ఈ యాత్రలో చూడదగిన నిర్మాణం ఒకటే చెప్పమంటే నేను దాన్నే చెబుతాను.

రోజుకు 40 నుంచి 45 కిలోమీటర్లు మించవద్దు. గులకరాళ్ల దారిలో మీవంటి వారికి గంటకు 12 కిలోమీటర్లు సహజమైన వేగం కనుక, ఆగడాలన్నీ కలిపి అయిదారు గంటల రోజు అవుతుంది. కాస్తెల్‌నోదరి, కార్కసొన్, ఓంప్, కాపెస్తాంగ్, బెజియే ఊళ్లలో రాత్రి బస దొరుకుతుంది. తూలూజ్ నుంచి సముద్రం వైపు వెళ్లడమే మేలు, ఎందుకంటే అక్కడ పడమటి నుంచి సముద్రం వైపుకు వీచే సేర్స్ అనే గాలి వీపును నెడుతుంది. అయితే కొన్ని రోజులు ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే ఎదురుగాలి గట్టిగా వీస్తుంది. ఆ రోజున పట్టుదలకు పోకుండా దూరం తగ్గించుకోండి. ఈ కాలువకు పక్కగానే తూలూజ్, కార్కసొన్, నార్బొన్, బెజియే, సెత్ మీదుగా రైలు మార్గం ఉంది. ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌ను ఎక్కించుకోనిస్తారు. కాళ్లు పట్టేసినా, వాన పట్టుకున్నా రైలెక్కి మీ అమ్మాయి ఇంటికి వెళ్లిపోవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి నేను ఈ దారినే చెప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

మట్టి దారి మీ వారికి నచ్చదనుకుంటే తూలూజ్ నుంచి రెండో వైపుకు, బోర్దో దిక్కుగా వెళ్లండి. అటు గారోన్ నది పక్కన 193 కిలోమీటర్ల మరో కాలువ ఉంది. దాని గట్టు చాలావరకు తారు వేసిన నున్నటి దారి. అందం కొంచెం తక్కువైనా నడుముకు హాయి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. నా దగ్గర 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ సైకిల్ ఉంది. గ్రావెల్ సైకిలే (కంకర దారులకు చేసినది) కొనాలని మిత్రులు అంటున్నారు, ధర చూస్తే భయంగా ఉంది. ఇక్కడి నుంచి సైకిల్ తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: కొనవద్దు. మీరు అడిగిన దారులకు అవసరమైనది టైరు, సైకిల్ జాతి కాదు. దిమ్మిసకొట్టిన సన్నకంకర మీద 32 మిల్లీమీటర్ల టైరు నడుస్తుంది. వేళ్లు, గులకరాళ్లు ఉన్న కెనాల్ దు మీది వంటి చోట 40 మిల్లీమీటర్లు ఉంటే మణికట్లు బతుకుతాయి. మీ సైకిల్ ఫోర్కులోనూ, వెనక చట్రంలోనూ టైరుకు రెండు పక్కలా నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుందేమో కొలిచి, మిగిలితే టైర్లు మాత్రం మార్చుకోండి. బురద పట్టినప్పుడు ఆ ఖాళీ లేకపోతే చక్రం తిరగదు.

గాలి విషయంలో మనవారు చేసే పొరపాటు ఒకటుంది. మన దుకాణాల్లో టైరును రాయిలా గట్టిపడేదాకా కొట్టడం అలవాటు. తారు మీద అది చెల్లుతుంది గాని, కంకర మీద అలాంటి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు ఉండదు. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, సామాను బరువును బట్టి కొంచెం పెంచుకోవాలి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటు వేసినట్టు రెండు చిల్లులు పడతాయి. కాబట్టి అయిదు పీఎస్ఐ చొప్పున మార్చి చూసుకుంటూ మీకు సరిపడే కొలతను ఇక్కడే తెలుసుకొని వెళ్లండి.

తీసుకెళ్లడమా, అద్దెకా అన్నది ఎన్ని రోజులన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. వారం రోజుల యాత్ర అయితే అద్దెకే నా ఓటు. గన్నవరం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి గల్ఫ్ లేదా ఐరోపా నగరం, ఆ తరువాత ఫ్రాన్సు అంటూ విమానాలు మారే ప్రయాణంలో సైకిల్ పెట్టెను మోయడం, దాని బరువుకు కట్టడం, వెనక గేరు యంత్రాన్ని పట్టుకునే డెరెయిలర్ హ్యాంగర్ వంగకుండా కాపాడుకోవడం పెద్ద పని. ఒక ఊళ్లో సైకిల్ ఇచ్చి మరో ఊళ్లో తిరిగి తీసుకునే దుకాణాలు ఆ కాలువ దారిలో ఉన్నాయి. నెల రోజులకు మించి తిరిగేవారు సొంత సైకిల్ తీసుకెళ్లడమే లాభం. అద్దె సైకిల్‌కు కూడా మీ సొంత సీటును తీసుకెళ్లవచ్చు. వారం రోజుల ప్రయాణాన్ని పాడుచేసేది సాధారణంగా అలవాటు లేని సీటే.

ట్యూబు వాల్వును చూసుకోవడం మరచిపోకండి. అక్కడి సైకిళ్లకు చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, మన మామూలు పంపు దానికి పట్టదు. రెండు ట్యూబులు, టైరు లీవర్లు, చిన్న పంపు, చైను లింకు, అలెన్ కీలు చాలు. చేలగట్ల కంచెలు కత్తిరించిన రోజుల్లో దారి మీద ముళ్లు పడి ఉంటాయి. మన సర్కారు తుమ్మ ముల్లుతో పరిచయమున్నవారికి అది కొత్త కాదు.

ప్రశ్న: రైలు పట్టాలు తీసేసిన దారులను సైకిళ్లకు ఇచ్చారని విన్నాము. అవి ఎక్కడున్నాయి? కెనాల్ దు మీది కాకుండా పొడవైన దారి మరొకటి చెప్పండి. (భవానీపురం, విజయవాడ)

జవాబు: ఇరవయ్యో శతాబ్దంలో బస్సులు, కార్లు పెరిగిన కొద్దీ ఫ్రాన్సులో చిన్న ఊళ్ల రైలు మార్గాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పట్టాలు తీసేశాక కంకర పరుపు, కల్వర్టులు, వంతెనలు, సొరంగాలు అలాగే మిగిలాయి. బర్గండీ ప్రాంతంలో జివ్రి నుంచి క్లూని వరకు అలాంటి 44 కిలోమీటర్ల మార్గాన్ని 1997లో నడకకూ, సైకిల్‌కూ తెరిచారు. ఫ్రాన్సులో వ్వా వెర్త్ (పచ్చ దారి) పేరుతో వచ్చిన మొదటి దారిగా దాన్నే లెక్కిస్తారు. 2004లో రహదారి నియమావళిలోనే ఈ దారులకు స్థానం కల్పించి, మోటారు లేని ప్రయాణానికి మాత్రమే ప్రత్యేకించారు. నీలం చతురస్రంలో నడిచే మనిషి, సైకిల్, గుర్రపు రౌతు బొమ్మలున్న ఫలకం కనిపించిందంటే మీరు ఆ దారిలో ఉన్నట్టే.

ఆవిరి ఇంజన్ నిటారైన వాలు ఎక్కలేదు కాబట్టి ఈ దారుల్లో వాలు నూటికి మూడు వంతులు మించడం అరుదు. కొండల మధ్య నుంచి వెళ్తున్నా కాళ్లకు కొండ తగలదు. దక్షిణాన బెదారియు, మజమే ఊళ్ల మధ్య పాసపాయీస్ అనే పేరుతో సుమారు 80 కిలోమీటర్ల దారి ఉంది. అది చాలావరకు దిమ్మిసకొట్టిన సన్నకంకర, మధ్యలో వంతెనలు, సొరంగాలు, పాత స్టేషన్లు వస్తాయి. గ్రావెల్ దారి అంటే ఎలా ఉండాలని అడిగితే నేను దాన్ని చూపిస్తాను. క్లూనికి దక్షిణాన బ్వా క్లేర్ సొరంగం 1.6 కిలోమీటర్ల పొడవు. చలికాలంలో గబ్బిలాలు నిద్రపోతాయి కనుక ఆ నెలల్లో సొరంగాన్ని మూసివేస్తారు, పక్కనున్న కొండ మీదుగా వెళ్లాల్సి వస్తుంది. వేసవిలో వెళ్లినా జేబులో పలుచని స్వెట్టరు ఉంచుకోండి, ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే చలి కొడుతుంది.

పొడవైన దారి కావాలంటే పడమట బ్రిటనీలోని నాంత్–బ్రెస్త్ కాలువ గట్టు నాకు ఎక్కువ ఇష్టం. నెపోలియన్ కాలంలో ఇంగ్లీషువారి యుద్ధనౌకలు బ్రెస్త్ ఓడరేవును సముద్రం వైపు నుంచి దిగ్బంధించినప్పుడు, లోపలి నుంచి సరుకు చేర్చడానికి తలపెట్టిన కాలువ అది. 364 కిలోమీటర్లలో మాల్‌త్ర్వా, జొస్లె కోట, పోంతివి ఊళ్లు వస్తాయి. గ్లొమెల్ దగ్గర ఖైదీలతో తవ్వించిన లోతైన కందకం మీద నుంచి చూస్తే కింద నీరు సన్నటి గీతలా కనిపిస్తుంది. 1930లో పూర్తయిన గెర్లెదాన్ ఆనకట్ట కింద కాలువలో కొంత భాగం మునిగిపోయింది, అక్కడ దారి జలాశయాన్ని చుట్టి వెళ్తుంది. పోంతివి, రోఆన్ మధ్య లాకులు దగ్గరదగ్గరగా వస్తాయి కనుక ఆ రోజు దూరం తక్కువ పెట్టుకోండి. ఒక్కటే ఇబ్బంది, అక్కడ వాన ఎప్పుడైనా పడవచ్చు. నేల మాత్రం గట్టిగా ఉండడం వల్ల వాన వెలిసిన గంటకే తొక్కగలిగేలా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. వాడిని కూడా తీసుకెళ్తే పాటించాల్సిన నియమాలేమిటి? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: 12 ఏళ్ల లోపు పిల్లలకు 2017 మార్చి నుంచి హెల్మెట్ తప్పనిసరి, వెనక కూర్చున్నా సరే. ముందు, వెనక దీపాలు, గంట, రెండు బ్రేకులు ఉండాలి. ఊరి బయట రాత్రి పూట, మసక వెలుతురులో మెరిసే జాకెట్ వేసుకోవాలి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని సైకిల్ తొక్కితే జరిమానా పడుతుంది.

మన పిల్లల విషయంలో నాకు అసలు భయం వేరే ఉంది. అక్కడ కుడివైపు నడవాలి. సన్నని గట్టు మీద ఎదురుగా మరో సైకిల్ రాగానే మన చేతులు తమంతట తాము హ్యాండిల్‌ను ఎడమకు తిప్పుతాయి, ఎదుటివారు వారి కుడికి తప్పుకుంటారు, ఇద్దరూ ఎదురెదురుగా గుద్దుకుంటారు. వెళ్లేముందు ఏదైనా మైదానంలో అబ్బాయికి ఎదురుగా మీరే సైకిల్ మీద వచ్చి, కుడికి తప్పుకోవడం పదేపదే చేయించండి. రెండోది, వాహనాలు లేని దారి కూడా మధ్యమధ్య ఊరి రోడ్లను దాటుతుంది. ఆ చోట సాధారణంగా ఆగవలసింది మనమే. వేగం తగ్గించడానికి కొయ్య గేట్లు అడ్డంగా పెట్టి ఉంటారు, పక్క సంచులు వాటికి తగిలి పడిపోయేవారున్నారు. దిగి నడిపించమని చెప్పండి. కాలువ గట్టుకు చాలాచోట్ల కటకటాలు ఉండవు కాబట్టి, అబ్బాయిని నీటి వైపు కాకుండా లోపలి వైపు ఉంచి మీరు వెనక రండి. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయాలి.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు మాత్రం తింటాము. పల్లెల్లో తిండి దొరుకుతుందా? పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లవచ్చా? (ఒక ఉపాధ్యాయిని, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: దొరుకుతుంది గాని, వేళ తప్పితే దొరకదు. ఫ్రాన్సు పల్లెల్లో ఎక్కువ హోటళ్లు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకే భోజనం పెడతాయి, మళ్లీ సాయంత్రం 7 తరువాతే వంటగది తెరుస్తారు. మూడు గంటలకు ఆకలితో ఊరు చేరితే తలుపు మూసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి కిరాణా కొట్లు మూతపడతాయి, చాలా రొట్టెల దుకాణాలకు సోమవారం సెలవు. కాబట్టి శనివారం సాయంత్రమే రెండు రోజులకు సరిపడా రొట్టె, టమాటాలు, పండ్లు, వేరుశనగ పప్పు సంచిలో వేసుకోవాలి.

హోటల్లో 'శాకాహారం' అని మాత్రమే అంటే చేప పెట్టేవారున్నారు. మాంసం వద్దు, చేప వద్దు అని రెండూ విడివిడిగా చెప్పండి. ఆమ్లెట్, మేక జున్నుతో సలాడు, కూరగాయల కుస్కుస్ తేలిగ్గా దొరుకుతాయి. బ్రిటనీ వైపు వెళ్తే గోధుమ రంగు గలెత్ ఉంటుంది. కూటు (బక్‌వీట్) ధాన్యపు పిండితో దోసెలా పలుచగా పోసి, లోపల గుడ్డు, జున్ను పెట్టి నాలుగు పక్కలా మడుస్తారు. మన నోటికి అది వెంటనే పడుతుంది. కాస్తెల్‌నోదరిలో అందరూ తినమని చెప్పే కాసూలె మాత్రం మీకు పనికిరాదు. పైకి చిక్కుడు గింజల కూరలా కనిపిస్తుంది గాని బాతు, పంది మాంసంతో వండుతారు. మరీ నిష్ఠగా ఉండేవారు జున్ను విషయం కూడా గమనించాలి, అక్కడి సంప్రదాయ జున్నులలో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో పాలు విరగగొడతారు.

కందిపొడి, కరివేపాకు పొడి, నూనెలో ఊరిన ఆవకాయ పట్టుకెళ్లవచ్చు, సీలు వేయించుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. ఐరోపా సమాఖ్య వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం వెంట తేవడం నిషిద్ధం. తాగునీటికి లాకుల దగ్గర, ఊరి కూడలిలో కుళాయి కోసం చూడండి. ఎక్కడా దొరకకపోతే ఊరి శ్మశానవాటికలో మొక్కలకు, పూలకు పెట్టిన కుళాయి దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అయితే తాగరాదని రాసిన పలక లేదని చూసుకున్నాకే సీసా పట్టండి. వారు దాన్ని తప్పుగా భావించరు. బస కోసం అక్కుయ్ వెలో అనే గుర్తు ఉన్న ఇళ్లను, హోటళ్లను ఎంచుకోండి. అవి సైకిల్ దారికి 5 కిలోమీటర్ల లోపు ఉంటాయి, సైకిల్‌కు తాళం వేసే గది ఉంటుంది.

ప్రశ్న: విజయవాడలోనే మూడు కాలువలు పారుతున్నాయి. మన గట్లను ఇలా ఎందుకు చేయలేము? సాధన చేయడానికైనా పనికొస్తాయా? (గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: ఈ ప్రశ్న పలువురు అడిగారు, నా మనసులోనూ చాలాకాలంగా ఉంది. ఫ్రాన్సులో కాలువలు ఎక్కువగా జాతీయ జలమార్గాల సంస్థ చేతిలో ఉంటాయి. గట్టు ఆ సంస్థదే, కాలువ పనికి అది ముందుగా వాడుకుంటుంది. దాని మీద ప్రజలు నడిచేందుకు, సైకిల్ తొక్కేందుకు స్థానిక ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకొని, నేల బాగుచేయడం, గుర్తులు పెట్టడం, శుభ్రం చేయించడం తన బాధ్యతగా తీసుకుంటుంది. భూమి కొనలేదు, ఎవరినీ ఖాళీ చేయించలేదు, ఉన్న గట్టుకే రెండో పని అప్పగించారు.

బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు విజయవాడ నగరంలో ఇప్పుడు ఆ వీలు చాలా తక్కువ, ఇళ్లూ రోడ్లూ గట్టు అంచుదాకా వచ్చాయి. నగరం దాటాక పరిస్థితి వేరు. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగాలు. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది, అంటే గుంటూరు సీమ పొలాల మధ్య నుంచి సముద్రతీరం దాకా ఒకే గీతగా గట్టు ఉంది. జలవనరుల శాఖ పర్యవేక్షణలోని ఆ గట్టు మీద ముందుగా ఒక మండలం పొడవున, రెండు లాకుల మధ్య భాగాన్ని తీసుకొని ఫలకాలు, మోటారుబళ్లకు అడ్డుకట్ట, చెట్ల నీడ ఏర్పాటు చేస్తే చాలు, పనిచేస్తుందో లేదో అదే చూపిస్తుంది. శాఖ వారికి ఇలాంటి చిన్న, నిర్దిష్టమైన వినతి ఇవ్వండి. మొత్తం కాలువ అడిగితే కాగితం కదలదు.

సాధనకు తప్పకుండా పనికొస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, బాగా తెల్లవారాక, తోడుతో వెళ్లండి. గడ్డి పెరిగిన చోట పాములుంటాయి కాబట్టి ట్రాక్టర్లు తిరిగే భాగాల్లోనే తొక్కండి. యాత్రలో మోయబోయే సామాను అంతా కట్టుకొని వరుసగా రెండు ఉదయాలు 30 కిలోమీటర్ల చొప్పున తొక్కి చూడండి, రెండో రోజు ఎక్కడ నొప్పి పుడితే అక్కడే సీటు ఎత్తునో, హ్యాండిల్‌నో సరిచేయాలి.

ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలి? వీసాకు సైకిల్ యాత్ర అని రాయవచ్చా? (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: దక్షిణ ఫ్రాన్సుకు మే, జూన్, సెప్టెంబరు మంచివి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆగస్టులో ఎండతోపాటు వారి సెలవులు కూడా కలిసి గదులు దొరకవు. బ్రిటనీకైతే జూలై కూడా బాగుంటుంది. వీసా దరఖాస్తులో పర్యాటకం అని రాసి, ఏ రోజు ఏ ఊళ్లో బస చేస్తారో, ఎక్కడి నుంచి ఎక్కడికి సైకిల్ మీద వెళ్తారో ఒక పట్టికగా జతచేయండి, దాచవలసిన విషయమేమీ లేదు. ఫ్రాన్సుతో పాటు పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాతో 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా కావాలి, పాలసీలో సైకిల్ ప్రమాదాలను మినహాయించారేమో చదివి తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. సెప్టెంబరు ప్రయాణానికి జూన్ లోపే అపాయింట్‌మెంటు తీసుకోవడం మేలు, ఎందుకంటే వేసవిలో ఆ తేదీలు త్వరగా నిండిపోతాయి.